ఆక్స్‌ఫర్డ్‌ను కాలినడకన చూడాలంటే: దూరం కాదు, గేట్ల వేళలే లెక్క

ఆక్స్‌ఫర్డ్‌లో దిగి "యూనివర్సిటీ ఎక్కడండీ?" అని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. ఉస్మానియాకో, వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకో ఉన్నట్టు ఒక ఆవరణ, ఒక ప్రధాన ద్వారం దానికి లేవు. దాదాపు 40 కాలేజీలు, వాటికి తోడు లైబ్రరీలు, మ్యూజియంలు, పరీక్షల హాళ్ళు ఊరంతా అల్లుకుపోయి ఉంటాయి. ప్రతి కాలేజీకీ తన గోడ, తన గేటు, తన వేళలు, తన టిక్కెట్టు. వీధిలో నడిచేవాడికి కనిపించేది చాలావరకు గోడే. మన మండువా ఇంటిలా అందమంతా లోపలి నడవలో, అంటే నాలుగు వైపులా గదుల మధ్య ఉన్న ఖాళీ ఆవరణలో, ఉంటుంది.

అందుకే ఇక్కడ తిరగడానికి మ్యాప్ కన్నా టైమ్‌టేబుల్ ముఖ్యం. ఊరి నడిబొడ్డు కార్‌ఫాక్స్ కూడలి నుంచి తూర్పు చివర మాడ్లిన్ బ్రిడ్జి దాకా కిలోమీటరే. కింద చెప్పిన చుట్టు మొత్తం, రైల్వే స్టేషన్‌కు తిరిగి చేరడంతో కలిపి, సుమారు 5 కిలోమీటర్లు. లోపల తిరిగేది కూడా కలుపుకుంటే 8 నుంచి 10. మామూలుగా నడవగలిగే ఎవరికైనా ఒక్క రోజులో అయిపోతుంది. చెడేది ఎక్కడంటే, పొద్దున తొమ్మిదికి ఉత్సాహంగా వచ్చి మూసిన గేట్ల ముందు ఫొటోలు దిగడం, గేట్లు తెరిచే మధ్యాహ్నానికి కాళ్ళు పీకి కాఫీ షాపులో కూలబడటం. చాలా కాలేజీలు బయటివాళ్ళను మధ్యాహ్నం 2 నుంచి 5 వరకే రానిస్తాయి. పొద్దున వీధులు, గోపురం, లైబ్రరీ, మధ్యాహ్నం కాలేజీలు, సాయంత్రం ప్రార్థనా గీతాలు. ఈ వరస తిరగేస్తే రోజు సగం వృథా.

ఏ నెలలో వెళ్ళాలి

ఇక్కడ ఏడాదికి మూడు టర్ములు: మైకేల్మస్ (అక్టోబరు నుంచి డిసెంబరు మొదటివారం), హిలరీ (జనవరి నుంచి మార్చి), ట్రినిటీ (ఏప్రిల్ చివర నుంచి జూన్). ఒక్కోటి ఎనిమిది వారాలు. ఊరు ఊరిలా కనిపించాలంటే, అంటే విద్యార్థుల నల్ల గౌన్లు, సైకిళ్ళు, పరుగులు చూడాలంటే, టర్ములోనే రావాలి. అందరూ మెచ్చుకునే మే, జూన్ నెలలకు మాత్రం ఒక చిక్కుంది. అవి పరీక్షల రోజులు. చదువుకు భంగం అని కొన్ని కాలేజీలు సందర్శకులకు పూర్తిగా తలుపులు మూసేస్తాయి. జూలై, ఆగస్టుల్లో గేట్లు తెరిచే ఉంటాయి గానీ గైడ్ల గొడుగుల వెనక గుంపులు, వేసవి కోర్సుల పిల్లలు వీధులు నింపేస్తారు. ఒక్క మాటలో చెప్పాలంటే అక్టోబరు నడిమి రోజులు అన్నిటికన్నా మేలు: విద్యార్థులు వచ్చి ఉంటారు, గుంపులు తగ్గి ఉంటాయి, గోడల మీది తీగలు ఎర్రబడి ఉంటాయి. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది. రెండింటికి తెరిచే కాలేజీలకు అప్పుడు మిగిలే వెలుతురు రెండు గంటలే. క్రిస్మస్ ముందూ వెనకా చాలావి తెరవనే తెరవవు.

వారంలో మంగళ, బుధ, గురువారాలు మంచివి. శనివారాల్లో పట్టాల ప్రదానాలు ఉంటే షెల్డోనియన్ థియేటర్‌లోకి బయటివాళ్ళను పంపరు. ఏ కాలేజీ అయినా పెళ్ళికో, సదస్సుకో, అంత్యక్రియల ప్రార్థనకో ఉన్నట్టుండి మూసేయవచ్చు. బయల్దేరే రోజు పొద్దున మీరు ఎంచుకున్న కాలేజీల వెబ్‌సైట్లలో సందర్శకుల పేజీ ఒక్కసారి చూసుకోండి. పాత బ్లాగుల్లో రాసిన వేళలు నమ్మకండి.

పిల్లల్ని ఇక్కడ చదివించాలని చూస్తున్నవాళ్ళకు ఒక మాట. జూన్ చివర, సెప్టెంబరులో యూనివర్సిటీ ఓపెన్ డేలు జరుగుతాయి. ఆ రోజుల్లో కాలేజీలు చేరబోయేవాళ్ళకు ఉచితంగా తలుపులు తెరుస్తాయి, విద్యార్థులే దగ్గరుండి చూపిస్తారు. అప్పుడు ఊరు చూద్దామని మాత్రం రాకండి, కాలు పెట్టే చోటుండదు.

ఊరు చేరడం

లండన్ పాడింగ్టన్ నుంచి రైలు సుమారు గంట. విక్టోరియా నుంచి వచ్చే ఆక్స్‌ఫర్డ్ ట్యూబ్ అనే బస్సుకు, పేరు అలా ఉన్నా అది మెట్రో రైలు కాదు, గంటా నలభై నిమిషాలు పడుతుంది. ట్రాఫిక్ బిగిస్తే ఇంకా ఎక్కువ. అయితే అది హై స్ట్రీట్‌లోనే దించుతుంది కాబట్టి స్టేషన్ నుంచి నడిచే కిలోమీటరు తప్పుతుంది.

కారులో వచ్చేవాళ్ళు ఊళ్ళోకి తేవద్దు. నడిమి వీధుల్లో కొన్నింటికి 2022 నుంచి కాలుష్య రుసుము ఉంది, కొన్ని మలుపుల్లో కెమెరాలు బస్సులను, టాక్సీలను తప్ప ఎవరినీ వదలవు. పార్కింగు కూడా ఖరీదే. ఊరి చుట్టూ అయిదు పార్క్ అండ్ రైడ్ స్థలాలున్నాయి. లండన్ వైపు నుంచి వస్తే థార్న్‌హిల్, దక్షిణం నుంచి అయితే రెడ్‌బ్రిడ్జి. కారు అక్కడ పెట్టి బస్సెక్కండి.

మనవాళ్ళు తరచు పడే తికమక ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీ వేరు. అది తూర్పున హెడింగ్టన్ గుట్ట మీద, కార్‌ఫాక్స్‌కు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ చదివే బంధువును కలవడం, పాత ఊరు చూడటం ఒకే పూటలో పెట్టుకుంటే మధ్యలో బస్సు తప్పదు.

పెద్ద సూట్‌కేసుతో మాత్రం రావద్దు. మ్యూజియంలు, క్రైస్ట్ చర్చ్ లాంటి కాలేజీలు పెద్ద సామాను లోపలికి రానివ్వవు. రాడ్‌క్లిఫ్ స్క్వేర్‌లో, మెర్టన్ స్ట్రీట్‌లో గుండ్రాళ్ళు పరిచిన నేల మీద చక్రాల పెట్టె లాగలేరు, పిల్లల స్ట్రోలర్ కూడా ఎగిరెగిరి పడుతుంది. అడుగు మందంగా ఉన్న బూట్లు వేసుకోండి. పల్చటి చెప్పులతో గంటకే అరికాళ్ళు మండుతాయి. సన్న సందుల్లో గాలికి గొడుగు తిరగబడుతుంది కాబట్టి టోపీ ఉన్న వాన కోటు నయం.

పొద్దున 9:30: స్టేషన్ నుంచి కార్‌ఫాక్స్

స్టేషన్ ముందు నుంచి పార్క్ ఎండ్ స్ట్రీట్, న్యూ రోడ్, క్వీన్ స్ట్రీట్ వరసగా తూర్పుకు తీసుకెళ్తాయి. పావుగంట నడక. న్యూ రోడ్‌లో ఎడమ చేతి వైపు ముల్లులాంటి శిఖరంతో కనిపించేది నఫీల్డ్ కాలేజీ. మన్మోహన్ సింగ్ పరిశోధన చేసింది ఇక్కడే. కుడి వైపు పచ్చటి దిబ్బ 1071 నాటి నార్మన్ కోటది. ఆ కోట ప్రాంగణం 1996 దాకా జైలు, ఇప్పుడు హోటలు.

కార్‌ఫాక్స్ నాలుగు రోడ్ల కూడలి: ఉత్తరాన కార్న్‌మార్కెట్, తూర్పున హై స్ట్రీట్, దక్షిణాన సెయింట్ ఆల్డేట్స్, పడమర మీరు వచ్చిన దారి. ఎక్కడ తప్పిపోయినా ఇక్కడికి తిరిగి వస్తే చాలు. మూలనున్న గోపురం ఎత్తు 23 మీటర్లు. నగరపాలక నియమం ప్రకారం ఈ కూడలికి 1200 మీటర్ల లోపు కొత్త కట్టడాలు సుమారు 18 మీటర్లు దాటకూడదు. ఊరి మీద శిఖరాలు ఇంకా శిఖరాల్లానే కనబడటానికి అదే కారణం.

కాలేజీలకు అంత ఎత్తు గోడలు, అంత చిన్న గేట్లు ఎందుకో కూడా ఈ కూడలే చెబుతుంది. 1355 ఫిబ్రవరి 10న ఈ మూలనున్న సారాయి దుకాణంలో ద్రాక్షసారాయి బాగాలేదని విద్యార్థులకు, దుకాణదారుకు మొదలైన తగువు ఊరికీ యూనివర్సిటీకీ యుద్ధంగా మారింది. అరవై మందికి పైగా చదువుకునేవాళ్ళు చనిపోయారని చెబుతారు. ఆ పాపానికి ఊరి పెద్దలు ఏటా ఒక్కో పెన్నీ చెల్లించే ప్రాయశ్చిత్తం 1825 దాకా సాగింది. ఆ దుకాణం ఉన్న చోట గోడ మీద ఫలకం ఉంది, తలెత్తి వెతకాలి.

ఇక కార్న్‌మార్కెట్ వెంట ఉత్తరానికి. ఈ వీధిలో ఆగాల్సింది ఒక్కచోటే: కుడి వైపు షిప్ స్ట్రీట్ మూలలో సెయింట్ మైకేల్ చర్చి గోపురం. 1040 ప్రాంతానిది, ఊళ్ళో నిలిచి ఉన్నవాటిలో అన్నింటికన్నా పాతది. మిగతా దుకాణాలు ఏ ఊళ్ళోనైనా ఉండేవే.

10:00: బ్రాడ్ స్ట్రీట్, రాళ్ళను చూసే పద్ధతి

కుడికి తిరిగితే బ్రాడ్ స్ట్రీట్. బేలియల్ కాలేజీ ముందు, రోడ్డు మధ్యలో, రాళ్ళతో పరిచిన శిలువ గుర్తు ఉంటుంది. 1555లో లాటిమర్, రిడ్లీ అనే బిషప్పులను, 1556లో ఆర్చిబిషప్ క్రాన్మర్‌ను మతం పేరిట సజీవంగా తగలబెట్టింది ఇక్కడే. సైకిళ్ళు దాని మీద నుంచే పోతుంటాయి, నిలబడి కిందికి చూసేముందు రెండు వైపులా చూసుకోండి. స్మారక స్తంభం మాత్రం ఇక్కడ కాదు, మూల తిరిగాక సెయింట్ జైల్స్ మొదట్లో ఉంది. చాలామంది అదే స్థలం అనుకుని వెళ్ళిపోతారు.

మూల తిరిగేలోగా కళ్ళను ఒక పనికి అలవాటు చేయాలి. ఆక్స్‌ఫర్డ్ కట్టడాలు చాలావరకు సున్నపురాయివి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో పక్కనే హెడింగ్టన్ గనుల్లో దొరికే మెత్తటి రాయి వాడారు. తవ్వినప్పుడు వెన్నలా కోతకు వస్తుంది. తరవాత ఊరంతా బొగ్గు పొయ్యిలు వచ్చాయి. ఆ పొగలోని గంధకం వానతో కలిసి రాతి పైపొరను జిప్సంగా మార్చింది. ఆ పొర ఉబ్బి, బొబ్బలెక్కి, పెచ్చులుగా ఊడింది. ఇరవయ్యో శతాబ్దంలో కాలేజీల ముఖాలు చాలావాటికి క్లిప్‌షమ్, బాత్ లాంటి వేరే రాళ్ళు తొడిగారు. కాబట్టి "600 ఏళ్ళ గోడ" అని గైడ్ చెప్పినప్పుడు లోపలి గోడ అంత పాతది, బయటి ముఖం మీ తాతగారి కాలంది అయ్యే అవకాశం ఎక్కువ. పోల్చుకోవడం తేలికే: అంచులు పదునుగా, రంగు తేనెలా ఒకేలా ఉంటే కొత్తది. గుంటలు పడి, నల్ల మచ్చలతో, చేత్తో రాస్తే ఇసుక రాలేలా ఉంటే పాతది. రాయకండి, ఊరికే చెబుతున్నాం. గోడ అడుగు వరసలు మాత్రం అదే హెడింగ్టన్‌లో దొరికే గట్టి రకంతో కట్టారు కాబట్టి అవి చాలాచోట్ల అసలువే.

కుడి వైపు షెల్డోనియన్ థియేటర్ ముందున్న గడ్డాల తలలు దీనికి బాగా సరిపోయే ఉదాహరణ. 1660లలో చెక్కిన తలలు అరిగితే 1868లో మార్చారు. ఆ రాయి మంచిది కాక ఆ రెండో జట్టు వందేళ్ళకే ముక్కూ మూతీ లేకుండా పోయింది. ఇప్పుడున్నవి 1970లలో చెక్కిన మూడో జట్టు. షెల్డోనియన్ క్రిస్టఫర్ రెన్ కట్టింది, 1669లో తెరిచారు. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా 70 అడుగుల వెడల్పు పైకప్పు నిలబెట్టడం అప్పట్లో పెద్ద సాహసం. దానికి లెక్క గట్టింది గణితవేత్త జాన్ వాలిస్. టిక్కెట్టు కొని పైకప్పు గుమ్మటం దాకా ఎక్కొచ్చు.

పక్కనే హిస్టరీ ఆఫ్ సైన్స్ మ్యూజియం. ఉచితం, కానీ మధ్యాహ్నం గానీ తెరవరు. 1931లో ఐన్‌స్టీన్ పాఠం చెబుతూ సుద్దతో రాసిన నల్లబల్ల అక్కడుంది. ఎదురుగా వెస్టన్ లైబ్రరీ హాలు కూడా ఉచితం. ఎగ్జిబిషను, కేఫ్, శుభ్రమైన టాయిలెట్లు అన్నీ ఉన్నాయి, ఇక్కడే ఆ పని కానిచ్చుకోండి. దాని పక్కన బ్లాక్‌వెల్ పుస్తకాల దుకాణం బయటికి ఇరుకుగా కనిపిస్తుంది గానీ కిందికి దిగితే నోరింగ్టన్ రూమ్ ట్రినిటీ కాలేజీ నేల కింద దాకా పోతుంది, అరల పొడవు అయిదు కిలోమీటర్లు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పుడు దిగొద్దు, మధ్యాహ్నం కాలేజీలు గాలికి పోతాయి.

బ్రాడ్ స్ట్రీట్ తూర్పు కొసన, కాటే స్ట్రీట్ మూలలో, తలెత్తితే గాలి దిశ చూపే ఏనుగు బొమ్మ కనిపిస్తుంది. సంస్కృత పండితుడు మోనియర్ విలియమ్స్ భారతదేశమంతా తిరిగి సంస్థానాధీశుల నుంచి చందాలు పోగుచేసి కట్టించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఇది. 1883లో శంకుస్థాపన, 1896లో పూర్తి. ఇప్పుడు లోపల వేరే సంస్థ ఉంది. గోడల మీద చెక్కిన మన దేవతలను, జంతువులను బయటి నుంచే చూడాలి.

10:45: బాడ్లియన్, రాడ్‌క్లిఫ్ స్క్వేర్, గోపురం

కాటే స్ట్రీట్‌లో కుడి వైపు పెద్ద తలుపు తెరిచి ఉంటే నేరుగా లోపలికి వెళ్ళండి. బాడ్లియన్ లైబ్రరీ ముంగిలికి టిక్కెట్టు లేదు. లైబ్రరీ 1602లో తెరిచారు. లండన్ ప్రచురణకర్తల సంఘంలో నమోదైన ప్రతి పుస్తకానికీ ఒక కాపీ దీనికి రావాలని 1610లో ఒప్పందం కుదిరింది. ఇక్కడ చదవబోయేవాళ్ళు లోపలికి నిప్పు తేబోమని ప్రమాణం చేయాలి. ఆ ప్రమాణం మూలంగానే శతాబ్దాల పాటు లోపల దీపాలూ లేవు, చలికి పొయ్యిలూ లేవు.

ఇక్కడ డబ్బు ఎక్కడ పెట్టాలి? డివినిటీ స్కూల్ అనే ఒక్క గదికి కొద్దిపాటి టిక్కెట్టు. పదిహేనో శతాబ్దపు రాతి పైకప్పులో 455 నగిషీ బొడిపెలు ఉంటాయి, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు. డ్యూక్ హంఫ్రీ అనే పాత పఠనాలయం చూడాలంటే గైడ్ టూరు తప్పదు. అది అరగంట, గంట నిడివిలో ఉంటుంది, సెలవుల్లో రోజుల ముందే అయిపోతుంది. చిన్నపిల్లలకు వయసు నిబంధన ఉంది, ఇంటి దగ్గరే చూసుకుని బుక్ చేయండి.

మరో పది అడుగులు వేస్తే రాడ్‌క్లిఫ్ స్క్వేర్. మధ్యలో గుండ్రటి గుమ్మటం రాడ్‌క్లిఫ్ కెమెరా (లాటిన్‌లో గది అని అర్థం), జేమ్స్ గిబ్స్ డిజైన్, 1737లో మొదలై 1749లో తెరిచారు. ఇది చదువుకునే గది, విడిగా వచ్చే సందర్శకులకు ప్రవేశం లేదు. మెట్ల దగ్గర కనబడే వరస టిక్కెట్ల క్యూ కాదు, చదువుకోవడానికి వెళ్ళే విద్యార్థులది. దాని వెనక నిలబడి సమయం పోగొట్టుకోకండి. ఫొటోకు మంచి చోటు ఉత్తరపు కంచె దగ్గర, పొద్దున పదకొండు లోపు. తరవాత గుంపు తగ్గదు.

తూర్పు వైపు ఇనుప గేటు సందుల్లోంచి పచ్చిక, జంట గోపురాలు కనిపిస్తాయే, అది ఆల్ సోల్స్ కాలేజీ. 1438లో పెట్టారు, డిగ్రీ విద్యార్థులే లేని కాలేజీ. ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా 1931 నుంచి 1936 దాకా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడి నుంచి నేరుగా వచ్చింది ఇక్కడికే. తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం చెప్పే స్పాల్డింగ్ పీఠానికి 1952 దాకా ఆచార్యుడు, ఈ కాలేజీ ఫెలో (సభ్యుడు). లోపలికి పంపే వేళలు చాలా తక్కువ. గేటు దగ్గర నిలబడి చూసినా చాలావరకు కనిపిస్తుంది.

స్క్వేర్ దక్షిణాన సెయింట్ మేరీస్ చర్చి. చర్చికి టిక్కెట్టు లేదు, గోపురానికి ఉంది. 127 మెట్లు. ఊళ్ళో ఒక్క గోపురమే ఎక్కదలిస్తే ఇదే ఎక్కండి. కిందున్న గుమ్మటం, ఆల్ సోల్స్, ఆ వెనక పైకప్పులు ఒక్క చూపులో వస్తాయి. పైకి పోనుపోను మెట్లు మెలికలు తిరిగి భుజాల వెడల్పుకు కుదించుకుపోతాయి, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అదే దారి. ఎదురు వస్తే వెడల్పాటి మెట్టు దగ్గర ఒకరు ఆగాలి. వీపు సంచి ముందుకు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులు, ఇరుకు చోట ఊపిరాడని భయం ఉన్నవాళ్ళు కింద కేఫ్‌లో కూర్చోవడమే మేలు. సగంలో వెనక్కి తిరగడం చాలా కష్టం. మంచు గడ్డకట్టినా, గాలి బలంగా ఉన్నా మూసేస్తారు. మధ్యాహ్నం క్యూ పెరుగుతుంది, కాబట్టి పన్నెండు లోపే ముగించండి.

భోజనం

హై స్ట్రీట్‌లో పడమరకు అయిదు నిమిషాలు నడిస్తే 1774 నాటి కవర్డ్ మార్కెట్. కూరగాయలు, మాంసం దుకాణాల మధ్య తినుబండారాల కొట్లు ఉంటాయి, శాకాహారులకూ ఇబ్బంది లేదు. ఒంటిగంటకు కూర్చోవడానికి చోటు దొరకదు, 12:15కే వెళ్ళండి. మధ్యాహ్నం చూడబోయే కాలేజీల జాబితా ఇక్కడే తేల్చుకోవాలి: రెండు, మహా అయితే మూడు. నాలుగోదానికి వచ్చేసరికి ఏ నడవ ఎక్కడ చూశారో మీకే గుర్తుండదు.

1:30: న్యూ కాలేజ్ సందు

మళ్ళీ కాటే స్ట్రీట్‌కు వచ్చి, రోడ్డు మీద వంతెనలా కనిపించే హర్ట్‌ఫర్డ్ బ్రిడ్జి కింద నుంచి తూర్పుకు నడవండి. అది చూడటానికి పాతదిలా ఉన్నా 1914లో పూర్తయింది. వంతెన దాటగానే ఎడమ చేతి వైపు మనిషి పట్టేంత సందు టర్ఫ్ టావెర్న్ అనే పబ్‌కు పోతుంది. బోర్డు చూసుకోకపోతే దాటిపోతారు. మరికొంచెం ముందు, తోకచుక్కకు తన పేరిచ్చిన హ్యాలీ ఉన్న ఇల్లు, గోడ మీద ఫలకం.

ఈ సందు రెండు సార్లు మెలిక తిరుగుతుంది, రెండు వైపులా ఎత్తు గోడలే, ఎదురొచ్చే సైకిలు కనబడదు. మలుపుల్లో గోడ వారగా నడవండి, నడుస్తూ ఫొటోలు తీయకండి. ఊళ్ళో వీధి అంటే ఏమిటో, లోపలికీ బయటికీ మధ్య గోడ ఎంత పని చేస్తుందో తెలిసే చోటు ఇదే.

న్యూ కాలేజ్‌ను 1379లో పెట్టారు, పేరులో మాత్రమే కొత్త. రెండు గేట్లు: ఒకటి ఈ సందులో, ఇంకొకటి హోలీవెల్ స్ట్రీట్‌లో. ఒకటి మూసి ఉంటే కాలేజీ మూసినట్టు కాదు, రెండోది చూడండి. ఒక్క కాలేజీకే డబ్బు పెడతామంటే ఇదే ఎంచుకోమంటాం. కారణం తోట. ఊరి పాత కోటగోడ అన్నింటికన్నా బాగా నిలిచింది ఈ తోటలోనే. స్థలం ఇచ్చేటప్పుడు గోడను బాగుచేస్తూ ఉండాలని షరతు పెట్టారు, కాలేజీ అది పాటించింది. మిగతా చోట్ల గోడ రాళ్ళను జనం ఇళ్ళకు పట్టుకుపోయారు. మూడేళ్ళకోసారి మేయరు వచ్చి గోడ ఎలా ఉందో చూసిపోయే ఆచారం ఇప్పటికీ ఉంది.

గేటు దాటాక మర్యాద. ప్రతి గేటు పక్కనా పోర్టర్ల గది ఉంటుంది. ఈ పోర్టర్లు సామాన్లు మోసేవాళ్ళు కాదు. కాలేజీ తాళాలు, ఉత్తరాలు, భద్రత అన్నీ వాళ్ళ చేతిలో ఉంటాయి. తలూపి, నమస్కారం చెప్పి, "ఇవాళ సందర్శకులకు తెరిచారా?" అని అడగండి. బోర్డు మీద మూసినట్టున్నా అరగంటలో తెరుస్తారో లేదో వాళ్ళకే తెలుసు. పచ్చిక మీద కాలు పెట్టకూడదు, అడ్డదారి అనుకునేంత చిన్న మూల అయినా సరే. మెట్ల గూళ్ళ దగ్గర పేర్లు రాసిన బోర్డులు కనబడితే అవి విద్యార్థుల గదులకు పోయే దారులు, ఎక్కకండి. చాపెల్‌లో, అంటే కాలేజీ ప్రార్థనాలయంలో, టోపీ తీయాలి. ఫోన్ లౌడ్‌స్పీకర్‌లో పెట్టి ఇంటికి వీడియో చూపించాలనుకుంటే గేటు బయటే.

2:45: హై స్ట్రీట్, మాడ్లిన్

సందు కొసన హై స్ట్రీట్ తగులుతుంది. రోడ్డు దాటి కొంచెం పడమరకు వస్తే యూనివర్సిటీ కాలేజీ గోడ మీద రాబర్ట్ బాయిల్, రాబర్ట్ హుక్‌ల ఫలకం. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో జీవకణం చదివినవాళ్ళకు హుక్ పేరు గుర్తుండాలి. ఆ కాలేజీ చాపెల్‌లోనే కలకత్తా జడ్జి విలియం జోన్స్ పండితులతో కూర్చున్న పాలరాతి శిల్పం ఉంది, మామూలు రోజుల్లో సందర్శకులను రానివ్వరు.

తూర్పుకు వెళ్తే కుడి వైపు పరీక్షల హాలు. మే, జూన్‌లో నల్ల గౌను మీద పువ్వు గుచ్చుకున్నవాళ్ళు ఇక్కడ బయటికి వస్తుంటారు: మొదటి పరీక్షకు తెల్ల కార్నేషన్, మధ్యలోవాటికి గులాబి రంగుది, ఆఖరిదానికి ఎర్రది. ఎర్ర పువ్వు వాళ్ళు వస్తుంటే దారి వదలండి, ఎవరో ఒకరు నురుగో, రంగుపొడో చల్లడానికి కాచుకుని ఉంటారు.

చివర ఎడమ వైపు 44 మీటర్ల గోపురంతో మాడ్లిన్ కాలేజీ. స్పెల్లింగు చూసి మాగ్దలెన్ అని అడిగితే దారి చెప్పేవాడు ఒక క్షణం తికమకపడతాడు. దీనికో ప్రత్యేకత: లోపల జింకల వనం, నీటి ఒడ్డున అడిసన్స్ వాక్ అనే చెట్ల బాట. పిల్లలు ఉంటే న్యూ కాలేజ్ మాని ఇది చూడండి, పరిగెత్తడానికి చోటుంది. ఎదురుగా 1621 నాటి బొటానిక్ గార్డెన్, దాని ముందు పెన్సిలిన్‌ను మందుగా మలచిన పరిశోధకుల పేరిట గులాబీ తోట. గులాబీ తోటకు టిక్కెట్టు లేదు, బల్లలున్నాయి, కాళ్ళు చాపుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

వంతెన కింద పంట్ అనే చదునైన పడవలు అద్దెకిస్తారు. పొడవాటి గడతో తోసేది. ఒకటే జాగ్రత్త: గడ బురదలో దిగబడితే మెలితిప్పి లాగండి, రాకపోతే వదిలేయండి. పట్టుకుని వేలాడితే పడవ ముందుకు పోతుంది, మీరు నీళ్ళలో పడతారు.

4:00: మెడో, క్రైస్ట్ చర్చ్

బొటానిక్ గార్డెన్ పక్కన రోజ్ లేన్‌లోంచి క్రైస్ట్ చర్చ్ మెడోకు చేరతారు. పశువులు మేసే పచ్చిక బయలు, ఊరి నడిమధ్యన. కుడి వైపు పాత కోటగోడ వెంట సన్నటి బాట ఉంటుంది, అందులో, బెలూన్‌లో ఎగిరిన మొదటి ఇంగ్లీషువాడు జేమ్స్ సాడ్లర్ 1784లో ఈ దగ్గర్లోనే పైకి లేచాడని చెప్పే ఫలకం చూడొచ్చు. చీకటి పడేసరికి మెడో గేట్లకు తాళాలు పడతాయి, శీతాకాలంలో ఈ మెట్టును ముందుకు జరపండి.

క్రైస్ట్ చర్చ్ టిక్కెట్టు ఊళ్ళో అన్నింటికన్నా ఖరీదు. వేళ రాసి ఉన్న టిక్కెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, వేసవిలో గేటు దగ్గర దొరుకుతుందన్న ఆశ వద్దు. భోజనశాల మధ్యాహ్నం విద్యార్థుల భోజనానికి మూస్తారు, టిక్కెట్టు కొనేటప్పుడు ఆ వేళ తప్పించండి. హ్యారీ పాటర్ కోసం వచ్చేవాళ్ళకు ముందే చెప్పాలి: సినిమాలో కనిపించేది ఇక్కడి రాతి మెట్ల దారి. భోజనశాల దృశ్యాలు స్టూడియోలో దీన్ని చూసి కట్టిన సెట్‌లోవి.

అంత డబ్బు పెట్టలేనివాళ్ళకు ఒక దారుంది. ఈ కాలేజీ చాపెలే ఊరి కెథీడ్రల్, అంటే బిషప్పు ప్రధాన చర్చి, కూడా. వారంలో చాలా రోజులు సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ఈవెన్‌సాంగ్ అనే ప్రార్థన జరుగుతుంది, గాయకబృందం పాడుతుంది, ప్రవేశం ఉచితం, ఏ మతంవారైనా రావచ్చు. ఇరవై నిమిషాల ముందు సెయింట్ ఆల్డేట్స్‌లోని టామ్ గేటు దగ్గరికి వెళ్ళి ఈవెన్‌సాంగ్‌కు వచ్చామని చెబితే లోపలికి పంపుతారు. సుమారు ముప్పావు గంట. మధ్యలో లేచి రాకూడదు, ఫొటోలు తీయకూడదు. ఇది ప్రదర్శన కాదు, పూజ. భోజనశాల చూడలేరు గానీ రెన్ కట్టిన టామ్ గోపురం కింద నుంచి ఆ పెద్ద నడవలో నడిచే భాగ్యం దక్కుతుంది. న్యూ కాలేజ్‌లో, మాడ్లిన్‌లో కూడా టర్ములో ఇలాంటి ప్రార్థనలే ఉంటాయి.

వాన పట్టుకుంటే

మధ్యాహ్నమంతా వాన అయితే కాలేజీల జాబితా చించేసి పార్క్స్ రోడ్డులోని నేచురల్ హిస్టరీ మ్యూజియంకు వెళ్ళండి. బాడ్లియన్ నుంచి పది నిమిషాలు, ఉచితం. డార్విన్ సిద్ధాంతం మీద 1860లో హక్స్‌లీ, బిషప్ విల్బర్‌ఫోర్స్ వాదులాడుకున్నది ఈ భవనంలోనే. లోపలి స్తంభాలు ఒక్కోటి ఒక్కో బ్రిటిష్ రాయితో చెక్కినవి, పేరు కింద రాసి ఉంటుంది. పొద్దున రాళ్ళను చూడటం అలవాటైన కళ్ళకు ఇది పండగ. దాని వెనక తలుపులోంచి పిట్ రివర్స్ మ్యూజియం: దేశాలవారీగా కాకుండా వస్తువులవారీగా, అంటే వాద్యాలన్నీ ఒకచోట, తాళాలన్నీ ఒకచోట పేర్చిన చీకటి హాలు. సోమవారం అది మధ్యాహ్నం గానీ తెరవరు. తిరుగుదారిలో, వాన వెలిస్తే, సెయింట్ క్రాస్ చర్చి పక్కనున్న హోలీవెల్ శ్మశానంలో రుగ్వేదాన్ని అచ్చువేయించిన మాక్స్ ముల్లర్ సమాధి ఉంది. గడ్డి తెగ పెరిగి ఉంటుంది, ప్యాంటు మడమల దాకా తడుస్తుంది.

తిరుగు ప్రయాణం

రాత్రి దాకా ఉండేవాళ్ళు 9:05కు సెయింట్ ఆల్డేట్స్‌లో ఉండండి. టామ్ గోపురం గంట 101 సార్లు మోగుతుంది, పాతకాలపు విద్యార్థుల సంఖ్య అది. తొమ్మిది కాకుండా అయిదు నిమిషాలు దాటాక ఎందుకంటే, గ్రీనిచ్‌కు పడమరగా ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో సూర్యుడి లెక్కన తొమ్మిది అయ్యేది అప్పుడే.

లండన్ బస్సు హై స్ట్రీట్‌లోనూ ఎక్కొచ్చు. కానీ ఆదివారం సాయంత్రాల్లో అక్కడికి వచ్చేసరికే నిండిపోతుంది. పక్కపక్క సీట్లు కావాలంటే బస్సు మొదలయ్యే గ్లోస్టర్ గ్రీన్ దాకా, కార్‌ఫాక్స్ నుంచి ఏడెనిమిది నిమిషాలు, నడవాల్సిందే.